అమ్మణ్ణికి ఒళ్ళు సరిలేదు

మా బావ కేశవన్ కారెక్కి ధర్మపురిలో ఎక్కడికి బయలుదేరినా, కూర్చున్న దూరం కంటె నడిచిన దూరమే ఎక్కువ. రోడ్డుమీద స్పీడుబ్రేకరు కనబడితే చాలు, ఆయన కారు ఆపుతాడు. వెనుకకు తిరిగి, పెండ్లిపందిట్లో పెద్దలను భోజనానికి లేపేటంత మర్యాదగా, "కొంచెం దిగినారంటే..." అంటాడు. అందరూ దిగాలి. కారు ఒంటరిగా, నిండుచూలాలు మెట్లు దిగినట్లు, ఆ గడ్డను దాటాలి. అందరూ మళ్ళీ ఎక్కాలి. ఆయన ధర్మపత్ని, మా అక్క అలమేలుమంగ, ఒకసారి పట్టుచీర కట్టుకొని ఆ కారులో పెండ్లికి బయలుదేరింది. సగం దారిలో దిగినది దిగినట్లే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఆమెకు ముహూర్తం అందింది. ఆయనకు తాంబూలం మాత్రమే అందింది.

ఈ కారును ఆయన పందెంలో పరుగెత్తించడానికే కొన్నాడంటే ఎవరూ నమ్మరు. నేను నమ్మక తప్పదు. కొంటానని మాట ఇచ్చినప్పుడు ప్రక్కన ఉన్నవాణ్ణి.

పాపారపట్టి పొలిమేరలో ఒక పెద్ద బీడు ఉన్నది. తమిళుల ఆడి నెల పద్దెనిమిదవ నాడు జనమంతా కావేరీస్నానానికి పోతుంటే, మా ప్రాంతపు కుర్రకారు ఆ బీడులో పాతకార్ల పందెం పెట్టుకొంటుంది. నియమం ఒక్కటే: ఇక తూకానికి వేయడానికి తప్ప దేనికీ కొరగాదని నలుగురూ ఒప్పుకొన్న కారు అయి ఉండాలి. ఒకరినొకరు గుద్దుకొంటారు, డొక్కలు విరుగగొట్టుకొంటారు, ధూళిలో మునిగి పుణ్యం మూటగట్టుకొన్నట్లు ఇండ్లకు చేరుతారు. బావ తమ్ముని కూతురు కీర్తికకు ఆ పందెమంటే ప్రాణం. ఆమె డ్రైవింగు స్కూలులో పదిమందికి బండి నేర్పే పిల్ల. తనకంటూ ఒక డొక్కు కారు కావాలని పెదనాన్నను అడిగింది. చింతపండు మండి నడిపే మా బావ, ఎవరికైనా కాదంటాడేమో గాని ఆ పిల్లకు కాదనడు.

"పందెం కారు తెస్తా చూడు అమ్మీ! చెక్కలు చెక్కలుగా పగులగొట్టు, నేను అడగను!" అని ఒక ఉదయం బొమ్మిడికి బస్సెక్కాడు.

సాయంకాలానికి ఒక చిన్న కారుతో తిరిగి వచ్చాడు. దాని రంగు తెలుపన్నది ఒకప్పటి మాట. కీర్తిక సంతోషంతో పరుగెత్తుకొని వచ్చి తలుపును ధడాలున లాగబోయింది. మా బావ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"మెల్లగా అమ్మీ, మెల్లగా! అమ్మణ్ణి బడలిపోయి వచ్చింది."

"ఏ అమ్మణ్ణి?" అని మేమందరం కారులోపలికి తొంగి చూచాము. లోపల ఎవరూ లేరు. అప్పుడు మొదలైంది నా గుండెదడ.

నేను సాయంవేళల గుడి మండపంలో తెలుగులో పురాణం చెప్పేవాణ్ణి. ఇంట్లో తెలుగు మాట్లాడి, వీధిలో తమిళం మాట్లాడి, తెలుగక్షరం మాత్రం తెలియని మా వాళ్ళకు, భక్తి తొమ్మిది విధాలని విడమరచి చెప్పడం నా వృత్తి. అది ఇంత సమగ్రంగా ఒక వాహనానికి అన్వయించడం మా బావ దగ్గరే చూచాను. ప్రాతఃకాలంలో బానెట్టుకు చెవి ఆనించి వినడం శ్రవణం. మండికి వచ్చిన ప్రతి బేరగానికీ ఆమె సైలెన్సరు మహిమను చెప్పడం కీర్తనం. పాదసేవనం సంగతి చెప్పనే అక్కరలేదు; ప్రక్క ఊరు వెల్లిచందై దాకా పోయి వచ్చినా సరే, నాలుగు చక్రాలకూ గోరువెచ్చని నీళ్ళు పోసి, తువ్వాలుతో ఒత్తనిదే తాను భోజనానికి కూర్చోడు. బంపరుకు ఏడాది మాగిన చింతపండుతో తోముడు. వాన వస్తే, షెడ్డుకు కప్పు ఉన్నప్పటికీ, బానెట్టుపై గొడుగు. తొమ్మిదవదైన ఆత్మనివేదనం ఒక్కటి మాత్రం నాకు కనబడలేదు. తనను, తనదనుకొన్న సమస్తాన్ని ఇచ్చివేయడం కదా అది. ఈ మనిషి తాళంచెవినే ఇవ్వడు.

"వరదా, దగ్గు వినబడిందా?" అనేవాడు నన్ను లాక్కొనిపోయి.

"నాకేమీ వినబడలేదు బావా."

"నీకు భగవంతుని మాటే గాని ఈమె మాట ఎట్లా వినబడుతుంది?"

మా అక్క వంటింట్లోనుంచి అందుకొనేది. "నా మోకాలు ఎన్నాళ్ళ నుంచి కిర్రుమంటా ఉంది! ఒక్క దినమైనా చెవి పెట్టి విన్నారా?"

"నీ మోకాలికి బానెట్టు లేదు కదే, తెరిచి చూసేదానికి!"

మొదటి సంవత్సరం పందెం రేపనగా కీర్తిక శిరస్త్రాణం తుడుచుకొంటూ కూర్చుంది. మా బావ షెడ్డులోనుంచి, ఆపద కబురు మోసుకొని వచ్చిన మనిషి ముఖంతో వచ్చాడు.

"అమ్మణ్ణికి ఒళ్ళు సరిలేదు."

"ఏమైంది పెదనాన్నా?"

"గొంతు పట్టింది. హారను పలకడం లేదు."

"పందెంలో హారను ఎందుకు?"

"నోరు లేని దాన్ని పంపమంటావా? దారి తొలగమని ఎట్లా చెప్పుకొంటుంది?"

అంతే. ఆ ఏడు పందెం పోయింది. పందెం నడిపే శక్తి అనే యువకునికి మెకానిక్కు షెడ్డు ఉన్నది. ఆ షెడ్డు ముందునుండే కీర్తిక రోజూ పనికి పోవాలి. అతడు నోరు మూసుకొనే రకం కాదు. "ఎన్న కీర్తికా, మీ అమ్మమ్మకు జ్వరం తగ్గిందా? కషాయం పంపేదా?" అని పదిమందిలో అడిగేవాడు. ఆ పిల్ల ఏడాదంతా పంటి బిగువున భరించింది. చివరకు ఒకనాడు ఆ షెడ్డు ముందే నిలిచి గట్టిగా చెప్పింది: "ఈ ఆడికి నేను బయలుదేరే గీత దగ్గర నిలబడకపోతే, పందెమనే మాట మళ్ళీ ఎత్తను. సరేనా?" ఈ మాట చెవిన పడిన నాటినుండి నాకు నిద్ర కరవైంది. ఆ పిల్ల పౌరుషం నాకు తెలుసు, మా బావ ప్రేమా తెలుసు. రెండూ ఒకే షెడ్డులో ఉన్నాయి.

ఈ లోపల అమ్మణ్ణి జబ్బులకు అంతు లేకపోయింది. ఒకమారు దగ్గు. ఒకమారు కీళ్ళనొప్పి. ఒకమారు కామెర్లని చెప్పి నా కళ్ళద్దాలు తుడిచి మరీ దీపాల అద్దాలు చూపించాడు. నేను జాగ్రత్తగా గమనించగా ఒక విశేషం బోధపడింది: జబ్బు ప్రతిమారూ శనివారంనాడే వస్తుంది. ఆదివారం ఉదయం బావ ఆమెకు గాలి మార్పు కావాలంటూ ఒంటరిగా తీసుకొనిపోతాడు. సాయంకాలానికి ఆరోగ్యం కుదుటపడి తిరిగి వస్తుంది. నేను పంచాంగం తిరగవేసి, ఇది గ్రహపీడయే కాని యంత్రదోషం కాదని నిర్ణయించాను.

"బావా, ఇది శని చూపు. శనివారం నువ్వులనూనె పోయండి."

ఆయన ముఖం వికసించింది. "శని చూపే! సరిగ్గా కనిపెట్టినావు వరదా! ఇంజనులోనా, పెట్రోలుతోనా?"

"నవగ్రహాల దగ్గర దీపంలో, బావా!"

దీపం వెలిగించాము. ఆ మరుసటి శనివారం అమ్మణ్ణికి వాతం వచ్చింది. నా శాస్త్రజ్ఞానంపై నాకే సందేహం కలిగి, పురాణంలో రెండు రోజులు తడబడ్డాను.

ఈ సంవత్సరం ఆడి పద్దెనిమిది ఆదివారం పడింది. ముందునాడు ఉదయం సంధ్యావందనం ముగించి నేను గడప దాటేసరికి, కీర్తిక తమ స్కూలు కారుతో వాకిట నిలిచి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మామా, షెడ్డు ఒట్టిది. తెల్లవారే సరికి అమ్మణ్ణి లేదు, పెదనాన్నా లేడు. ఫోనెత్తడం లేదు. పెద్దమ్మను అడిగితే బొమ్మిడి అంటుంది. ఎక్కండి!"

ఆదివారం దాకా కూడా ఆగలేదంటే ఏదో జరిగిందన్నమాటే. అమ్మివేశాడా? ఎక్కడైనా దాచివేశాడా? పిల్ల మాట పోగొట్టి మనశ్శాంతి లేక తానే ఎటైనా పోయాడా? స్మరించవలసిన నామాలన్నీ ఒకేసారి నోటికి వచ్చి ఏదీ పూర్తిగా రాలేదు.

స్కూలు కార్లలో ఎడమవైపు కూడా ఒక బ్రేకు ఉంటుందని నాకు తెలియదు. ఎదుట లారీ కనబడినప్పుడల్లా నేను నృసింహస్వామిని తలచుకొని కాళ్ళు బిగబట్టేవాణ్ణి. కారు కీచుమని నిలిచేది.

"మామా! కాలు తీయండి!"

"నేనేమి చేశానమ్మా?"

"మీ కాలి క్రింద ఉండేది బ్రేకు!"

"అదా! స్వామి పలుకుతున్నాడనుకొన్నాను."

ఆ తరువాత నేను పద్మాసనం వేసుకొని కూర్చున్నాను. అట్లా బొమ్మిడి చేరాము.

రైలు స్టేషను వెనుక వీధిలో, ఒక పెంకుటింటి ముందు, అమ్మణ్ణి నిలిచి ఉంది. చక్రాలకు పసుపు. అద్దానికి కుంకుమబొట్టు. బానెట్టు ఎత్తి ఉంది. దానిలోపలికి సగం వంగి ఒక వృద్ధుడు వ్రేళ్ళతో తడుముతున్నాడు. ఆయన కనుపాపలపై పొర కమ్మి ఉంది. మా బావ ఆయన తలపై ఎండ పడకుండా గొడుగు పట్టుకొని, వైద్యుని ఎదుట బిడ్డ తండ్రి నిలిచినట్లు నిలిచి ఉన్నాడు.

"ఎట్లా ఉంది సీనప్పన్నా?" అంటున్నాడు.

"ఊపిరి వదులుగా ఉంది, అంతే. భయపడవద్దు. బిగించి పంపిస్తా."

మమ్మల్ని చూడగానే బావ చేతిలోని గొడుగు ప్రక్కకు ఒరిగింది. కీర్తిక ముందుకు దూకింది.

"పెదనాన్నా! రేపు పందెం! మీరు ఇక్కడ—"

"అమ్మీ, గట్టిగా వద్దు. అమ్మణ్ణికి ఒళ్ళు..."

"ఆ మాట ఇంకొకసారి అంటే నేను ఇక్కడే కూర్చొని ఏడుస్తా!"

లోపలినుండి ఒక ముసలమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకొంటూ వచ్చింది. "ఎవరమ్మా, మన కేశవన్న ఇంటి పిల్లా? అన్నా, నువ్వు లోపలికి పోయి ఆ మజ్జిగచెంబు తీసుకొనిరా. బిడ్డ ఎండలో వచ్చింది" అని మా బావను లోపలికి తరిమి, కీర్తిక గడ్డం పట్టుకొంది. ఆమె సీనప్ప భార్య మునియమ్మ. జరిగినదంతా ఆమె నోటనే విన్నాను.

సీనప్ప ఈ కారును ఈ స్టేషను ముందే బాడుగకు నడిపినవాడు. ఇంటికి బిడ్డలు లేరు. కళ్ళకు పొర కమ్మి, ఇక చక్రం పట్టలేనప్పుడు అమ్మివేశాడు. కొనడానికి మా బావ వచ్చిన దినం మునియమ్మ, ఇంటి ఆడబిడ్డను సాగనంపేటప్పుడు చేసినట్లే, చేటలో బియ్యం, కొబ్బరికాయ, పసుపుకొమ్ము పెట్టుకొని వచ్చింది. కారుకు ఒడి ఎక్కడ? పోసేదెక్కడో తెలియక ఆమె దిక్కులు చూస్తుంటే, మా బావ, తానేమి చేస్తున్నాడో తనకే తెలియకుండా, భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులా పట్టాడట.

"ఒడిబియ్యం పట్టేసినాడు కదమ్మా!" అంది మునియమ్మ. "పట్టినాక సంబంధం కలిసినట్లే. మా అమ్మణ్ణిని బాగా చూసుకో అన్నా అంటే, సరేనన్నాడు."

నాకు తల తిరిగింది. పందెంలో పగులగొట్టడానికి కారు కొనబోయి, పిల్లను పుచ్చుకొని వచ్చాడు మా బావ! ఇన్ని శాస్త్రాలు చదివిన నాకు ఈ సంగతి ఒక్క పంచాంగంలోనూ దొరకలేదు.

"బండి పోయినాక ఈయనకు మాట లేదు, కూడు లేదు" అని మునియమ్మ గొంతు తగ్గించింది. "గోడకు తిరిగి పండుకొనేవాడు. ఒక ఆదివారం కేశవన్న బండి తీసుకొని వచ్చి, దగ్గుతా ఉంది, ఎవరికీ అంతు చిక్కలేదు, నువ్వే చూడాల అన్నాడు. ఈయన మంచం మీదనుంచి ఎగిరి దూకినాడు! ఆ దినం రెండు ముద్దల సంగటి తిన్నాడు."

కీర్తిక బానెట్టు దగ్గరకు పోయి వంగి చూచింది. బండి నేర్పే పిల్ల కదా, కన్ను ఒక మరచీలమీద నిలిచింది. "ఈ మర దానంతటది వదలలేదు. స్పానరు పెట్టి తిప్పినారు. గుర్తు కొత్తగా ఉంది" అంది నెమ్మదిగా.

సీనప్ప నవ్వాడు. "ఊరుకో అమ్మీ. మరలేమన్నా శనివారం శనివారం వ్రతం పట్టినట్లు వదులవుతాయా? నాకు కండ్లు పోయినాయి గాని వేళ్ళు పోలేదు. మొదటి దినమే తెలుసు."

"తెలిసీ చెప్పలేదా తాతా?"

"చెప్తే ఆయన సిగ్గుపడి రాడు. పాపం, ఆ చింతపండు ఘాటులో వారమంతా బేరాలు. ఇక్కడికి వస్తే కడుపారా తిని, కడుపారా నవ్వి పోతాడు. నాకోసం వస్తా ఉన్నానని అనుకొంటాడు. అనుకోనీ."

నా ప్రక్కన కీర్తిక ముక్కు చీదుకొన్నది. నేను శనీశ్వరునికి మనస్సులో క్షమాపణ చెప్పుకొన్నాను. ఇంతకాలం ఆయనపై అన్యాయంగా నింద మోపాను.

మా బావ మజ్జిగచెంబుతో వచ్చేసరికి సీనప్ప తీరిగ్గా అడిగాడు. "కేశవన్నా, పందెమని ఏదో అంటా ఉంది బిడ్డ?"

మా బావ ముఖంలో నెత్తురు లేదు. పాపం, ఇన్నాళ్ళూ ఆయన దాచిన రహస్యం ఇదే. "అన్నా... మొదట కొన్నది దానికే. చెప్పలేకపోయినాను. నేను దాన్ని... నువ్వు తప్పుగా..."

"ముందే చెప్పకూడదా?" అని సీనప్ప బానెట్టు మీద అరచేతితో చరిచాడు. మా బావ ఆ దెబ్బ తనకే తగిలినట్లు ఉలిక్కిపడ్డాడు. "సేలం రైలు తప్పిపోయినవాళ్ళను తర్వాతి స్టేషన్లో, రైలు రాకముందే దించినది ఇది! తెలుసునా? నువ్వు దీన్ని చూలుబర్రెను తోలినట్లు తోలి సోమరిని చేసినావు. పరుగెత్తనీ అన్నా! ఇయ్యి, బిడ్డకు బీగం ఇయ్యి."

మా బావ మొలలోనుండి తాళంచెవి తీసి, రెండు చేతులా కీర్తిక చేతిలో పెట్టాడు. చెయ్యి వెనుకకు తీసుకోవడానికి మరికొంతసేపు పట్టింది. తొమ్మిదవ భక్తి కూడా నేను కళ్ళారా చూచాను.

"రెండో గేరులో కొంచెం బుజ్జగించాల. ఎడమ తలుపు గట్టిగా వేయవద్దు. ఎత్తు దగ్గర ఆమెతో ఒక మాట మాట్లాడు, ఎక్కుతుంది..."

"సరి పెదనాన్నా."

అంతలో మునియమ్మ చేటతో వచ్చింది. "ఆడిలో పుట్టింటికి వచ్చిన బిడ్డను ఒట్టి ఒడితో పంపిస్తానా?"

మా బావ కన్నులు పెద్దవైనాయి. "అమ్మీ! పట్టవద్దు!" అని అరిచాడు.

ఆలస్యమైంది. కీర్తిక అప్పటికే చున్నీ అంచులు పట్టుకొని, తల వంచి, ఒడిబియ్యం అందుకొంటోంది.

తిరుగుప్రయాణంలో నేను అమ్మణ్ణిలో కీర్తిక ప్రక్కన కూర్చున్నాను. మా బావ స్కూలు కారులో, నేర్చుకొనేవారి ఎర్ర అక్షరం పలక తగిలించుకొని, నిమిషానికొకసారి హారను మ్రోగిస్తూ వెనుక వచ్చాడు. ఊరు దాటగానే కీర్తిక పెదవి బిగించి వేగం పెంచింది. గాలి ఈలవేసింది. అమ్మణ్ణి నిజంగానే పరుగెత్తింది, సీనప్ప చెప్పిన మాటలో అతిశయోక్తి లేదు. నేను కళ్ళు మూసుకొన్నాను. అలవాటు చొప్పున కాలు బిగబట్టాను. ఈ కారులో నా క్రింద ఏమీ లేదు.

ఎక్కడో క్రింద 'టక్' మన్నది.

కీర్తిక చెవి రిక్కించింది. వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. ఒక సైకిలు మమ్మల్ని దాటిపోయింది. ముందు స్పీడుబ్రేకరు కనబడింది. ఆమె కారు ఆపింది. ఒడిలోని బియ్యం ఒలకకుండా చేయి అడ్డం పెట్టుకొని నావైపు తిరిగింది.

"మామా, కొంచెం దిగినారంటే..."

నేను దిగాను. వెనుక కారులో మా బావ రెండు చేతులూ జోడించి ఆకాశానికి నమస్కరించాడు. గడ్డ దాటి ఆగిన తరువాత కీర్తిక ఫోను తీసి శక్తికి చేసింది.

"అమ్మణ్ణికి ఒళ్ళు సరిలేదు" అంది.

శక్తి నవ్వు గడ్డ ఇవతల ఉన్న నాకు కూడా వినబడింది.

"నవ్వింది చాలు. రేపు నేను గీత దగ్గర నిలబడతానన్నాను, ఏ బండితోనో చెప్పినానా? మీ షెడ్డులో చక్రాలున్న డొక్కు ఇంకొకటి ఉందా లేదా?"

ఉన్నది. దానికి ఒక ప్రక్క తలుపు లేదు. అక్కడ తాడు కట్టుకొని కీర్తిక మరునాడు ఆ పందెంలో మూడవదిగా వచ్చింది. శక్తి నాలుగవవాడు. అటు తరువాత అతడు కషాయం ప్రసక్తి తేలేదు. చూడడానికని మా బావ అమ్మణ్ణిలో సీనప్పను, మునియమ్మను, మా అక్కను ఎక్కించుకొని బయలుదేరాడు. పాపారపట్టి దారిలో గడ్డలు మెండు. వారు చేరేసరికి బహుమతులు పంచడం ముగిసి, ధూళి కూడా అణగిపోయింది.

ఆ పై శనివారం మా బావ మునుపెన్నడూ లేని కంగారుతో మా ఇంటికి వచ్చాడు.

"వరదా, ఈసారి నిజంగానే భయంగా ఉంది. అమ్మణ్ణికి ఒకేసారి రెండు జబ్బులు వచ్చినాయి!"

"రెండా?"

"రెండు మరలు వదులు! నేను విప్పినది ఒక్క—" అని నాలుక కరచుకొని ఆగిపోయాడు.

వాకిట్లో కీర్తిక చేతికంటిన నూనె చున్నీకి తుడుచుకొంటూ నిలిచి ఉంది. నన్ను చూచి పెదవిపై వ్రేలు పెట్టింది.

"శని చూపే బావా, సందేహం లేదు" అన్నాను. "రేపే బొమ్మిడికి తీసుకొనిపోవాలి. నేనూ వస్తాను. గడ్డలు వచ్చినప్పుడు దిగడానికి ఒక మనిషి ఉండవద్దా?"